హిమాలయన్ వెనకాల రాడార్: కర్నూలు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

మే మొదటి వారం

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు తోకకి, వెనక నుంచి వచ్చే బండ్లని పట్టి చెప్పే రాడార్ బిగించే పని మొదలుపెట్టా. పని అయ్యేదాకా ఏ వారం ఏం చేశానో, ఎందుకట్ల చేశానో రాసి పెడతా, రేపు మన సైడు ఎవరన్నా ఇదే పని పెట్టుకుంటే పనికొస్తాది.

రాడార్ అనంగానే ఎవరైనా అడిగే మొదటి మాట ఒకటే, "స్పీడ్ గన్ ఉంటే ముందే మోగుతాదా అన్నా?" అని. అది వేరే సామాను, రాడార్ డిటెక్టర్ అంటారు. ఆ డిటెక్టర్లు రేడియో తరంగాలతో పనిచేసే గన్నుల కోసం పుట్టినవి, అంటే 24 గిగాహెర్ట్జ్ దగ్గరుండే కె బ్యాండు, 34 చుట్టుపక్కలుండే కేఏ బ్యాండు అట్లాంటివి. ఆ గన్నుల సిగ్నల్ రోడ్డంతా పరుచుకుంటాది కాబట్టి ముందు పోతాండే బండి మీద కొట్టినప్పుడే మన పెట్టెకి తెలిసిపోతాది. మన హైవేల మీద పోలీసుల ఇంటర్‌సెప్టర్ బండ్లలో ఎక్కువగా ఉండేది లేజర్ గన్ను. దాని కిరణం ఇన్‌ఫ్రారెడ్, 905 నానోమీటర్లు, 300 మీటర్ల దూరంలో కూడా దాదాపు మీటరు వెడల్పుకి మించి పరుచుకోదు, నేరుగా మన బండి మీద పడితేనే డిటెక్టర్ మోగుతాది, అది మోగేటప్పటికి అక్కడ మన స్పీడు లెక్క తేలిపోయి ఉంటాది. ఇంగ ఆ పెట్టెకి డబ్బులు ఏమిటికి పెట్టాల? లిమిట్లో పోయేటోడికి దాంతో పని లేదు, లిమిట్ దాటేటోడిని అది కాపాడదు. నా మటుకు నేను దాని జోలికి పోను.

నేను పెట్టేది వెనక నుంచి వచ్చే బండిని పట్టేది. సెన్సర్ బండి తోక దగ్గర ఉంటాది, అద్దాల దగ్గర ఎడమకొకటి కుడికొకటి చిన్న లైటు, వెనకాల పక్క లేన్లో ఏదన్నా దగ్గరికొస్తాంటే ఆ పక్క లైటు వెలుగుతాది, మనం అదే పక్కకి ఇండికేటర్ వేస్తే లైటు టపటపా కొట్టుకుంటాది. కార్లలో బ్లైండ్ స్పాట్ అలర్ట్ అంటారే అదే. ముందు వెనక రెండు రాడార్లతో కంపెనీ నుంచే వచ్చిన మొదటి బైకు డుకాటి మల్టీస్ట్రాడా వీ4, బాష్ వాళ్ల రాడార్లు, అది 2021 మోడల్. మన దేశంలో 2025 లో అల్ట్రావయలెట్ వాళ్లు ఎక్స్-47 ని రాడార్‌తో దించినారు. ఆ బండ్ల రేటు వేరు, నా దగ్గరుండేది వేరు, అందుకే విడిగా కిట్ తెచ్చి బిగిస్తాండా.

అవసరం ఏంటంటే, కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకి పోయే 40 నంబరు హైవే నాకు అలవాటైన దోవ, మా అత్తగారి ఊరు అటే. 2018 లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల రోడ్డు మీద బైకుకి 80, బస్సుకి 90, కారుకి 100. అంటే అందరూ రూలు పాటించినా కారు నాకంటే 20 ఎక్కువ స్పీడుతో వెనక నుంచి వస్తాది, పాటించనోళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. బేతంచర్ల బండలు నింపుకోని లారీ నలభైలో పోతాంటాది, దాని వెనక నేను, దాటుదామని అద్దంలో చూస్తే 411 సింగిల్ సిలిండర్ కదా, ఒక స్పీడు దాటినాక అద్దంలో బొమ్మ అదురుతాది, పైగా వెనక మా ఆవిడ, రెండు పక్కలా సామాను పెట్టెలు. మెడ తిప్పి చూస్తా, చూడాలి కూడా, అయితే చూసి మళ్లీ ముందుకు తిరిగే లోపల ముందున్న లారీ బ్రేకు వేయొచ్చు. ఆ రెండు చూపుల మధ్య ఉండే సందు నాకు పూడాల.

మే, తర్వాతి వారం

కిట్ ఎంచుకోడానికి చాలా చదివా. తక్కువ రేటులో దొరికేవి కొన్ని అల్ట్రాసోనిక్, అంటే కార్లకి వెనక బంపర్లో ఉండే పార్కింగ్ సెన్సర్లే. అవి శబ్దంతో పనిచేస్తాయి, రెండు మూడు మీటర్లకి మించి చూడవు, హైవే మీద అసలుకే పనికిరావు. కెమెరాతో పనిచేసేవి ఉన్నాయి, పగలు బాగుంటాయి, అయితే ఎదురెండ, రాత్రి హెడ్‌లైట్ల గ్లేరు, మన దుమ్ము, వీటికి లెన్సు ఎంతకాలం నిలుస్తాదో నమ్మకం కలగలే. రాడార్‌కి చీకటైనా దుమ్మైనా ఒకటే.

రాడార్లలో కూడా రెండు రకాలు. మొదటిది వట్టి డాప్లర్ మీద నడిచేది. అంబులెన్స్ మన దగ్గరికి వచ్చేటప్పుడు సైరన్ సన్నగా, దాటిపోయినాక బొంగురుగా వినపడుతాది కదా, డాప్లర్ అంటే అదే, తరంగం తగిలి వెనక్కి వచ్చినప్పుడు ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి స్పీడు చెప్తాది. 24 గిగాహెర్ట్జ్ రాడార్‌లో గంటకి ఒక్కో కిలోమీటరు తేడాకి 45 హెర్ట్జ్ దాకా మార్పు వస్తాది. వట్టి డాప్లర్ మీదే నడిచే చవక సెన్సర్‌తో ఒక చిక్కుంది, పక్కన మనతో సమానంగా అదే స్పీడులో వచ్చే బండికి తేడా సున్నా కాబట్టి దానికి ఆ బండి లేనట్టే. మనకి ఎక్కువ ప్రమాదం దానితోనే, భుజం పక్కన వచ్చి అట్లే నిలబడుతాది, అద్దంలో కూడా కనపడదు. ఎఫ్ఎంసీడబ్ల్యూ అని రెండో రకం ఉంది, అది ఫ్రీక్వెన్సీని పైకి కిందికి జారుస్తా పంపిస్తాది కాబట్టి స్పీడుతో పాటు దూరం కూడా కొలుస్తాది. కొనేటప్పుడు ఈ మాట స్పెసిఫికేషన్లో ఉందా లేదా అని మొదలు చూడండి, బాక్సు మీద బొమ్మలు తర్వాత చూడొచ్చు.

77 గిగాహెర్ట్జ్ ది తీసుకున్నా. తరంగం పొడవు 4 మిల్లీమీటర్లే కాబట్టి సెన్సర్ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది అంతే, బైకు తోకకి సరిపోతాది. బండ్ల రాడార్లకి 76 నుంచి 77 గిగాహెర్ట్జ్ బ్యాండుని మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, అదొక నిశ్చింత. పేరున్న కంపెనీ కాదు, ఏడు వేల చిల్లర పడింది. సెన్సర్ ఐపీ67, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చెమ్మ పోకూడదు. కంట్రోల్ బాక్సుకి ఆ రేటింగ్ లేదు, అది సీటు కిందే ఉండాల.

మే మూడో వారం, కరెంటు పని

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ టైమ్ పెట్టింది దీనికే. రాడార్ మంచిదే కావొచ్చు, దానికి కరెంటు ఎట్ల ఇచ్చినామన్నదాని మీదే అది ఏడాది నడుస్తాదా వారం నడుస్తాదా అనేది ఉంటాది.

మల్టీమీటర్ సీరీస్‌లో పెట్టి చూశా, కిట్ మొత్తం 0.3 ఆంప్ దాటలే. నాలుగు వాట్లు కూడా లేదు. మా హెడ్‌లైటు బల్బు 60/55 వాట్లు, దాని పక్కన ఇదెంత. పాతబస్టాండు వైపు నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ ఉన్నాడు, చాలా ఏండ్ల అనుభవం, ఆయన చూసి, "ఇంత చిన్నదానికి రిలే ఏమిటికన్నా, టెయిల్ లైట్ వైర్లో నుంచి ఇచ్చేస్తే అయిపాయె" అన్నాడు. రిలే అంటే చిన్న కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్చు, అది పెడితే కిట్‌కి కరెంటు బ్యాటరీ నుంచి విడిగా ఇవ్వొచ్చు. లోడు లెక్కన ఆయన చెప్పింది సరైన మాటే, ఆ వైరు 0.3 ఆంప్ హాయిగా మోస్తాది. నా భయం లోడు గురించి కాదు, షార్ట్ గురించి. టెయిల్ లైట్ వైర్లో నుంచి ఇస్తే రెండిటికీ ఒకటే ఫ్యూజు. ఎప్పుడన్నా వానలో నా కిట్ వైరు ఒరుసుకుని షార్ట్ అయితే ఆ ఫ్యూజు పోయి టెయిల్ లైటు ఆరిపోతాది, వెనక నుంచి వచ్చే బండి నాకు కనపడాలని పెట్టుకున్న సామాను వల్ల వెనకోడికి నేను కనపడకుండా పోతే అంతకంటే ఘోరం ఉంటాదా. ఇది చెప్తే భాయ్ ఒక్క నిమిషం ఆలోచించి, "అట్లైతే సరే, రిలేనే పెడదాం" అని తనే డబ్బాలో నుంచి తీసిచ్చినాడు.

కనెక్షన్ ఇట్ల. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపలే 2 ఆంప్ ఫ్యూజు, యాడనో దూరంగా కాదు, ఎందుకంటే ఫ్యూజు కాపాడేది దాని తర్వాత ఉండే వైరుని, దాని ముందున్న ముక్క షార్ట్ అయితే దానికి దిక్కు లేదు. ఆడ నుంచి రిలే 30 నంబరు కాలుకి, 87 నుంచి కిట్‌కి, 85 ఎర్తుకి, 86 కి టెయిల్ లైట్ వైరు నుంచి ట్రిగ్గర్. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైటు తనంతట తానే వెలిగేది తప్పనిసరి అయింది కదా, నా బండిలో కీ తిప్పితే టెయిల్ లైటు వెలుగుతాది, కాబట్టి ట్రిగ్గర్‌కి అది బాగా పనికొచ్చింది, విడిగా స్విచ్చు పెట్టే పని లేదు, మర్చిపోయే పని అసలే లేదు. కీ తీస్తే రిలే తెరుచుకుంటాది, బ్యాటరీ మీద లోడు సున్నా, మీటర్‌తో చూసి ఖాయం చేసుకున్నా. ఇది చిన్న విషయం కాదు. మా బ్యాటరీ 8 ఆంప్ అవర్, 0.1 ఆంప్ కారుతా ఉన్నా 80 గంటల్లో ఖాళీ, మూడు రోజులు ఊరికి పోయొస్తే సెల్ఫ్ తిరగదు.

ఇండికేటర్ల నుంచి రెండు వైర్లు కావాల, ఎడమదొకటి కుడిదొకటి. బండి వైరింగ్‌ని బ్లేడుతో గీకి చుట్టి టేపు వేయడం నాకు ఇష్టం లేదు, వారంటీ సంగతి పక్కన పెట్టినా మన ఎండలకి ఇన్సులేషన్ టేపు జిగురు కారిపోయి ఊడొస్తాది, మే నెలలో కర్నూల్లో నిలబెట్టిన బండి సీటు మీద చెయ్యి పెట్టలేం ఇంగ సీటు కింద ఎంత వేడి ఉంటాదో చూడండి. కప్లర్ దగ్గర మధ్యలో దూర్చే టీ మాదిరి జాయింటు వైరు భాయ్ తయారు చేసిచ్చినాడు, బండి వైరు ఒక్కటి కూడా కొయ్యలే, రేపు తీసేయాలంటే పీకి పాత కప్లర్ రెండూ కలిపేస్తే సరి. జాయింట్లన్నీ క్రింపింగ్, పైన లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్. సోల్డరింగ్ ఎందుకు వద్దన్నానంటే, సోల్డర్ పాకిన చోట వైరు గట్టిపడుతాది, అది అయిపోయే చోట ఇంజను అదురుకి అదేపనిగా వంగి వంగి విరుగుతాది. సోల్డరే చేస్తే ఆ పక్కనే వైరుని ఫ్రేముకి ట్యాగు వేసి కదలకుండా చూడాల.

కంట్రోల్ బాక్సు సీటు కింద, వైర్లు దూరే మొహం కిందికి, ఒక్కో వైరు కొంచెం కిందికి జారి మళ్లీ పైకొచ్చేటట్టు వదిలినా, నీళ్లు వైరు పట్టుకుని పాకినా ఆ అడుగు దగ్గరే కారిపోతాయి. కప్లర్లలో సిలికాన్ గ్రీజు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ను పెట్టి కొడతారు కదా, వానకంటే దానికే ఎక్కువ భయపడాల.

స్టార్ట్ చేసి వోల్టేజ్ చూశా, నడుస్తాంటే 14.1. సెల్ఫ్ నొక్కినప్పుడు పడిపోయి కిట్ ఒకసారి ఆరి మళ్లీ వెలుగుతాంది, రెండు సెకండ్లలో లైట్లు రెండూ ఒకసారి మెరిసి సిద్ధం అంటాయి. దాన్ని అట్లే ఉంచినా, బయలుదేరే ముందు లైట్లు రెండూ బతికే ఉన్నాయని రోజూ కళ్లతో చూసుకున్నట్టవుతాది.

మే ఆఖరు, బ్రాకెట్టు

రాడార్ తరంగం ప్లాస్టిక్‌లో నుంచి పోతాది, లోహంలో నుంచి పోదు. కాబట్టి నంబరు ప్లేటు వెనకాల దాచడం కుదరదు, అది అల్యూమినియం. ప్లేటు ముందు పెట్టి నంబరు కప్పడం చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా చేయగూడదు. టెయిల్ లైటుకీ ప్లేటుకీ మధ్యలో ఉండే సందే దీనికి చోటు. మాన్యువల్లో నేల నుంచి 50 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తు అన్నాడు, నాకు 60 దగ్గర కుదిరింది.

మొదలు ఏం తొలచకుండా, అట్టముక్క మీద డబుల్ టేపుతో సెన్సర్ అంటించి ఇంటి ముందర నిలబెట్టి చూశా. సామాను పెట్టెలు తీసేస్తే బాగుంది, పెట్టెలు తగిలిస్తే ఎడమ లైటు ఎవరూ లేకున్నా వెలిగే ఉంటాంది. పెట్టెలు తగిలించే ఇనప ఫ్రేము సెన్సర్ చూపులోకి వస్తాందన్నమాట. ఈ సెన్సర్ రెండు పక్కలా 60 డిగ్రీలు చూస్తాది. సెన్సర్ మధ్యలో నైలాన్ దారం కట్టి, స్కేలు కోణం పట్టి, ఒక పక్క మా ఆవిడ ఒక పక్క నేను దారం పట్టుకుని లాగి చూస్తే ఎడమ ఫ్రేము మూల దారానికి తగులుతాంది, కుడి పక్క సైలెన్సర్ కోసం ఫ్రేము వేరే తీరుగా వంచినారు కాబట్టి తగల్లే. సెన్సర్ ఇంకో 6 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే దారం ఫ్రీ అయింది, తప్పు వెలుగు కూడా ఆగింది. దారం పరీక్షకి పైసా ఖర్చు లేదు, ఇనప క్రాష్ గార్డులు, జెర్రీ క్యాన్ హోల్డర్లు ఉండేటోళ్లు ఎవరైనా డ్రిల్లు పట్టుకునే ముందు ఇది చేయండి.

3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, వర్క్‌షాపులో కోయించి ఎల్ ఆకారంలో వంచించినా. మధ్యలో రబ్బరు గ్రొమెట్లు, నైలాక్ నట్లు, బోల్టులకి నీలం రంగు థ్రెడ్ లాకర్.

ఇంగ మట్టం. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి సెన్సర్ మొహం నిట్టనిలువుగా పెట్టినా, ఖాళీ బండికి. తర్వాత ఆవిడని కూర్చోబెట్టి పెట్టెల్లో సామాను వేసి చూస్తే బండి వెనక 4 సెంటీమీటర్లు దిగింది. ముందు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 146 సెంటీమీటర్లు, లెక్క కడితే ఒకటిన్నర డిగ్రీ వంపు. ఒకటిన్నర డిగ్రీ ఏం పెద్ద విషయం అనిపిస్తాది. కానీ తోక దిగితే వెనక్కి చూసే సెన్సర్ నేల వైపు చూస్తాది, 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే సెన్సర్ నడిమి చూపు 22 మీటర్ల దగ్గర రోడ్డుకి తగులుతాది. నాకేమో 50 మీటర్లు కావాల. నిలువులో కిరణానికి కొంత వెడల్పు ఉంటాది కాబట్టి పూర్తిగా గుడ్డిది కాదు, అయితే దూరం చూపు మెత్తబడుతాది. అందుకే బండి ఎట్ల నడుపుతానో అట్లే, ఇద్దరు మనుషులూ సామానూ ఉన్నప్పుడే మట్టం పెట్టి బిగించినా, వెనక షాక్ ప్రీలోడ్, అంటే స్ప్రింగు బిగింపు, కూడా పెంచినా. ఒంటరిగా పోయినప్పుడు కొంచెం ఆకాశం వైపు చూస్తాది, దానికి నేను ఒప్పుకున్నా.

జూన్ మొదట్లో, లైట్లు

కిట్‌తో వచ్చిన లైట్లు గింజంత ఉన్నాయి, అద్దం మూలకి అంటించమన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు నంద్యాల చెక్‌పోస్టు దాటినాక ఎండ నేరుగా మీద పడుతాంటే అది వెలిగిందో ఆరిందో నాకు తెలియలే. బజర్ ఉంది గానీ హెల్మెట్లో గాలి మోతకి వినపడదు. పాత పెట్రోలు పైపు ముక్క ఏటవాలుగా కోసి ఒక్కో లైటుకి టోపీ మాదిరి తొడిగినా, అద్దం మీద నుంచి తీసి హ్యాండిల్ దగ్గర, చూపు రోడ్డు మీదుంటే కంటి కొసకి తగిలేటట్టు పెట్టినా. ఇప్పుడు పట్టపగలు కూడా తెలుస్తాంది. రాత్రికి కంట్రోల్ బాక్సులో తక్కువ వెలుగు సెట్టింగు ఉంది.

జూన్ రెండో వారం, పరీక్ష

మా బామ్మర్ది కారు తెచ్చినాడు. ఓర్వకల్లు వైపు పొద్దున్నే ఎవరూ తిరగని ఒక పక్క రోడ్డు మీద బండి స్టాండు వేసి నిలబెట్టి, వెనక పది పది మీటర్లకి ముగ్గుపిండితో గీతలు గీసినా. వాడు పక్క లేన్లో వస్తాంటాడు, నేను లైటు వెలిగినప్పుడు గీత చూస్తా, ఫోను లైన్లోనే ఉంది. "బావా, వెలిగిందా?" "ఇంకా లే, రా... రా... ఆ, ఇప్పుడు!" అని. కారు 45 నుంచి 48 మీటర్ల మధ్య పట్టుకుంటాంది, 20 స్పీడులో వచ్చినా 50 లో వచ్చినా పెద్ద తేడా లేదు. తర్వాత వాడి స్నేహితుడి బైకు తెప్పించి చూస్తే 25 మీటర్లు. ఇది సెన్సర్ లోపం కాదు, లెక్కే అట్ల ఉంది, రాడార్‌లో తిరిగొచ్చే సిగ్నల్ దూరానికి నాలుగో ఘాతంలో పడిపోతాది, అంటే ఒక వస్తువు నుంచి తిరిగొచ్చేది పదహారో వంతే అయితే అది సగం దూరంలోనే కనపడుతాది. బైకు సన్నంగా ఉంటాది, లోహం తక్కువ. ఆటో ఈ రెండిటికీ మధ్య. మనిషి నడిచొస్తే చాలా దగ్గరికొచ్చినాక గానీ లే, సైకిలుది అంతంతమాత్రమే.

ఇప్పుడు ఈ 45 మీటర్లు నాకు ఎంత టైమ్ ఇస్తాయి? నేను 80, కారు 100, తేడా 20, అంటే సెకనుకి 5.6 మీటర్లు, ఎనిమిది సెకండ్లు. పుష్కలం. కారు 120 లో వస్తే నాలుగు సెకండ్లు. నేను లారీ వెనక 60 కి తగ్గి ఉన్నా, కారు 120 లో వస్తాంది, అప్పుడు సెకనుకి 16.7 మీటర్లు, మూడు సెకండ్లు కూడా లేదు. ఇండికేటర్ వేసి, అద్దం చూసి, పక్క లేన్లోకి దిగడానికే నాకు మూడు సెకండ్లు పడుతాది. అంటే నేను దిగే నిమిషంలో లైటు వెలగకుండా ఉండి, సగం దిగినాక వెలగొచ్చు.

ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను గట్టిగా చెప్పాలనుకునేది ఇదే. లైటు వెలిగితే పోగూడదు, అది ఖాయం. లైటు వెలగలేదంటే మటుకు దోవ ఖాళీగా ఉందని కాదు. అది మనల్ని ఆపడానికే గానీ పొమ్మని చెప్పడానికి కాదు. మెడ తిప్పి చూసే అలవాటు ఒక్కరోజు మానినా ఈ కిట్ పెట్టి నష్టపోయినట్టే. మా ఆవిడకి కూడా ఇదే చెప్పినా, ఎందుకంటే ఆమె వెనక కూర్చుని లైటు చూసి "ఏం లేదు, పోండి" అనొచ్చు, అట్ల అనగూడదని ఇద్దరం మాట్లాడుకున్నాం.

జూన్ ఆఖరు, రోడ్డు మీద

కడపకి పోయొచ్చినాం. నాలుగు లేన్ల రోడ్డు మీద ఇది బ్రహ్మాండంగా పనిచేసింది, దాచుకోకుండా చెప్తాండా. ఆళ్లగడ్డ దాటినాక ఒక స్లీపర్ బస్సు కుడి పక్క నుంచి వస్తాంటే లైటు వెలిగినాక గాలి దెబ్బకి సిద్ధంగా హ్యాండిల్ గట్టిగా పట్టుకునే టైమ్ దొరికింది, ఇంతకు ముందు బస్సు దాటేటప్పుడు ఆ తోపు వచ్చినాకే తెలిసేది. ఎదురు రోడ్డులో మనల్ని దాటిపోయే బండ్లకి వెలగదు, అవి దూరం పోతాంటాయి కాబట్టి అది వాటిని వదిలేస్తాది, డివైడర్ రెయిలింగు చెట్లు కూడా అంతే. నేను ఒక లారీని మెల్లగా దాటేటప్పుడు మటుకు లారీ నా వెనక పడే దాకా ఎడమ లైటు వెలిగే ఉంటాది, అది మంచిదే, ఇంకా ఎడమకి రాకు అన్నట్టు.

ఘాట్ రోడ్డులో సంగతి వేరే. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు నల్లమలలో మలుపుల మీద చూశా. బండి వాలినప్పుడు సెన్సర్ కూడా వాలుతాది, ఒక పక్క నేలకి ఒక పక్క చెట్ల కొమ్మలకి చూస్తాది, మలుపు వెనక ఉండేది ఎట్లాగూ కనపడదు. ఎవరూ లేని చోట వెలిగింది, జీపు ఉన్న చోట వెలగలే. కంపెనీ బండ్లలో వంపు కొలిచే సెన్సర్ కూడా ఉంటాది, దాన్ని పట్టి లెక్క సరిచేసుకుంటాయి, ఏడు వేల కిట్‌లో అది ఉండదు. కాబట్టి ఘాట్ మొదలవంగానే దీన్ని ఆపేయాలని తేల్చుకున్నా, తప్పు చెప్పే లైటు ఉన్నదానికంటే లేనిదే మేలు. దానికోసం రిలే ట్రిగ్గర్ వైర్లో చిన్న స్విచ్చు పెట్టినా, ఆపితే లైట్లు రెండూ ఆరిపోతాయి, మళ్లీ వేస్తే రెండూ మెరుస్తాయి, అయోమయం లేదు.

వాన కూడా తగిలింది. సన్న తుంపర్లకి ఏం కాలే. గట్టిగా కొట్టినప్పుడు సెన్సర్ మొహం మీద నీళ్లు పొర కట్టి ఒకటి రెండు సార్లు ఊరికే మెరిసింది, కారు వ్యాక్స్ పూసినాక నీళ్లు నిలవకుండా జారిపోతాన్నాయి. ఎండు దుమ్ము ఏం చేయదు. నల్లరేగడి బురద మటుకు చేస్తాది, తడి బురద అంటే నీళ్లే కదా, ఆ తరంగాన్ని మింగేస్తాది. వెనక చక్రం బురదంతా నేరుగా అక్కడికే చిమ్ముతాంది, పాత ట్యూబు ముక్క కోసి మడ్‌గార్డ్ కిందికి వేలాడదీసినా, చాలావరకు ఆగింది. పొలం దోవ దిగి ఎక్కినప్పుడల్లా నీళ్ల బాటిల్‌తో ఒకసారి కడిగేస్తే చాలు.

జూలై

బోల్టులన్నీ మళ్లీ చూశా, ఏదీ వదులు కాలే. ఎడమ లైటు వైరు హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు కొంచెం బిగుసుకుంటాంది, ఇంకో రెండంగుళాలు వదిలి మళ్లీ ట్యాగు వేసినా. భాయ్ వచ్చి చూసిపోయినాడు, ఆయన బుల్లెట్‌కి కూడా ఫాగ్ లైట్లకి ఇదే తీరుగా విడి ఫ్యూజు పెట్టుకున్నాడంట.

మిగిలిన పని ఒకటుంది, బజర్ బదులు హెల్మెట్ ఇంటర్‌కమ్‌లో బీప్ వినపడేటట్టు చేయాల. కంట్రోల్ బాక్సు బజర్ వైరు మీద మీటర్ పెట్టి చూస్తే 12 వోల్ట్లే వస్తాంది, దాన్ని నేరుగా ఆడియోలోకి ఇవ్వగూడదు, మధ్యలో చిన్న రిలేతో ఒక విడి బీప్ మాడ్యూల్ నడిపించి దాని శబ్దం ఇంటర్‌కమ్‌కి పంపాలని చూస్తాండా. పార్టులు తెప్పించినా, వచ్చినాక బిగించి ఎట్లుందో రాస్తా.